సిస్టమ్ స్లోగా ఉందంటే లేచి వచ్చేయకండి

(విజయవాడలో చదువుకుంటున్న మన హాస్టల్ పిల్లలతో ఒక ఆదివారం మాట్లాడిన మాటలివి. అక్కడక్కడా సరిచేసి రాశాను.)



ఈ రోజు భూమి గురించో, చట్టం గురించో మాట్లాడతానని వచ్చినవాళ్లు ఏమీ అనుకోవద్దు. మీ వెనకాల గోడవారన ఉన్న ఆ ఐదు కంప్యూటర్ల గురించి మాట్లాడదామని వచ్చాను. ఎవరో ఆఫీసు మార్చుకుంటూ మనకిచ్చేసిన పాత సిస్టమ్‌లు. వచ్చిన కొత్తలో పోటీలు పడి కూర్చున్నారంట. ఇప్పుడు రెండింటి మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఎందుకురా అంటే, "అవి ముసలివైపోయినయ్ అన్నా, ఆన్ చేస్తే అన్నం తినొచ్చేదాకా తెరుచుకోవు" అన్నాడు ఒక తమ్ముడు. నిజమే, నేనూ చూశాను. కానీ అవి స్లోగా ఉన్నది ముసలితనం వల్ల మాత్రమే కాదు. అసలు కారణం వేరే ఉంది, దాన్ని మన కళ్లతో చూడొచ్చు.

ముందు ఒక సంగతి చెప్తాను. మా చిన్నాన్న కూతురు డిగ్రీ అయ్యాక ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలనుకుంది. మా కాలనీ నుంచి మండల కేంద్రానికి ఆటోలో ముప్పావు గంట. కుల ధ్రువీకరణ పత్రం రావడమే ఆలస్యం అయింది, దాంతో చివరి తేదీ నాడు వెళ్లింది. అక్కడ ఒక నెట్ సెంటర్లో పాత కంప్యూటర్ ముందు కూర్చుంది. పేరు, ఊరు, మార్కులు అన్నీ ఎక్కిస్తుంటే మౌస్ కదలడం ఆగిపోయింది. కాసేపటికి స్క్రీన్ నీలంగా మారి, అప్‌డేట్లు జరుగుతున్నాయి, ఆపొద్దు అని వచ్చింది. ముప్పై శాతం దగ్గర అరగంట అలాగే ఉంది. సెంటర్ నడిపే ఆయనకి విసుగొచ్చి స్విచ్ పీకేశాడు. మళ్లీ ఆన్ చేస్తే ఈసారి, చేసిన మార్పులు వెనక్కి తీస్తున్నాం అని మొదలుపెట్టింది. "ఇవాళ సిస్టమ్ స్లోగా ఉందమ్మా, పొద్దున్నే రా, అయిపోద్ది" అన్నాడు. పొద్దున్నకి గడువు లేదు కదా. ఆ మాట కూడా ఆయనతో అనలేదు. లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి "నాకు కంప్యూటర్ సరిగా రాదు, అందుకే ఆగిపోయింది" అంది. తప్పు తనదే అనుకుంది.

ఆ రోజు బుధవారం. ఈ వారం పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మన పిల్లలు ఎక్కడికెళ్లినా ఈ మాట వింటారు: "సిస్టమ్ స్లో." ఇది వినగానే లేచి వచ్చేస్తాం. ఎందుకు స్లో అని ఎవరం అడగం, వాన పడితే ఎందుకు పడిందని అడగనట్టే. కానీ ఇది వాన కాదు. లోపల ఏదో ఒక ప్రోగ్రాం ఏదో ఒక పని చేస్తోంది. ఏది చేస్తోందో చూపించే కిటికీ ప్రతి విండోస్ కంప్యూటర్లోనూ ఉంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్న డబ్బాలాగా కనిపిస్తే కింద మోర్ డీటెయిల్స్ నొక్కండి. పైన నాలుగు గళ్లు: సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్. మన ఐదు సిస్టమ్‌లలో మూడింట్లో నేను పొద్దున చూశాను. సీపీయూ ఇరవై, ముప్పై శాతమే. డిస్క్ మాత్రం వంద శాతం, ఎర్రగా. ఆ డిస్క్ అన్న మాట మీద నొక్కితే ఎక్కువ వాడుకుంటున్నవాళ్లు పైకొస్తారు. అక్కడ కనిపించే పేర్లు దాదాపు ఎప్పుడూ ఇవే: సర్వీస్ హోస్ట్ విండోస్ అప్‌డేట్, విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్, యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్. మొదటిది అప్‌డేట్ తెచ్చేది. రెండోది దాన్ని బిగించేది. మూడోది వైరస్‌ల కోసం వెతికేది, కొత్త ఫైళ్లు వచ్చినప్పుడల్లా వాటినీ తడుముతుంది. వీటి పేర్లు చూసి వైరస్ అనుకుని ఎండ్ టాస్క్ కొట్టేవాళ్లున్నారు. కొట్టొద్దు. సగంలో ఆపితే మళ్లీ మొదలుపెడతాయి, ఇంకా ఎక్కువసేపు తింటాయి.

డిస్క్ ఎందుకు వంద శాతం అవుతుంది? మన సిస్టమ్‌లలో ఉన్నది పాత హార్డ్ డిస్క్. లోపల పళ్లెం తిరుగుతుంటుంది, సూది లాంటి చెయ్యి అటూ ఇటూ వెళ్లి ఫైలు ఎక్కడుందో వెతికి చదువుతుంది. సెకనుకి వంద చోట్లకి వెళ్లి రావడమే దానికి గగనం. అప్‌డేట్ అంటే వేల చిన్న చిన్న ఫైళ్లు విప్పాలి, పోల్చాలి, మార్చాలి. మీలో దివిసీమ వైపు నుంచి వచ్చినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీలో నీళ్లు వదిలారని పేపర్లో చదువుతాం, మన శివారు పొలానికి వచ్చేసరికి కాలువలో బురదే ఉంటుంది, ఎందుకంటే ఎగువన అందరూ ఇంజన్లు పెట్టేశారు. ఇక్కడ ఎగువన అప్‌డేట్ కూర్చుంది. మీరు టైపు చేసే అక్షరం శివారు పొలం. మెమరీ నాలుగు జీబీయే ఉంటే ఇంకా కష్టం, ఎందుకంటే మెమరీలో చోటు చాలనప్పుడు విండోస్ ఆ మిగతా సామాను కూడా తీసుకెళ్లి అదే డిస్క్ మీద పెడుతుంది.

ఇంతవరకు ఇది ఎవరైనా చెప్పే సంగతే. మనకి సంబంధించిన అసలు విషయం ఇప్పుడు చెప్తాను.

2022 జనవరిలో మైక్రోసాఫ్ట్ వాళ్లే ఒక లెక్క చెప్పారు. ఒక అప్‌డేట్ సరిగా దిగి, బిగుసుకోవాలంటే ఆ కంప్యూటర్ నెట్‌కి కలిసి ఉండి, ఆగకుండా కనీసం రెండు గంటలు నడవాలి. అప్‌డేట్ విడుదలయ్యాక మొత్తం మీద ఆరు గంటలైనా ఉండాలి. అంత సమయం దొరకని యంత్రాల్లో అప్‌డేట్ పూర్తవడం కష్టం అని. మన గది సంగతి చూడండి. సాయంత్రం ఏడింటికి ఆన్, ఎనిమిదిన్నరకి భోజనం గంట, వార్డెన్ గారు మెయిన్ ఆఫ్. గంటన్నర. అంటే మన కంప్యూటర్‌కి ఒక్క రోజు కూడా ఆ రెండు గంటలు దొరకలేదు. అది రోజూ సాయంత్రం నిద్రలేచి, నిన్న వదిలేసిన పని గుర్తొచ్చి, వెతకడం మొదలుపెట్టి, సగానికి వచ్చేలోపు పడుకుంటోంది. మీరు కూర్చునే ఆ గంటన్నర అంతా దానికి పొద్దు పొడిచే టైమే. ఆఫీసులో ఇదే సిస్టమ్ బాగానే నడిచిందంట, ఎందుకంటే అక్కడ పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి దాకా ఆన్‌లో ఉండేది. యంత్రం మారలేదు. ఉన్న చోటు మారింది.

ఆటోమేటిక్ అనే మాట తయారుచేసినవాళ్ల మనసులో ఉన్న ఇల్లు వేరు. అక్కడ కరెంటు పోదు, నెట్‌కి లెక్క లేదు, కంప్యూటర్ ఎవరిదో వాళ్లదే. మన కాలనీల్లో, హాస్టళ్లలో, ఊరి నెట్ సెంటర్లలో ఒక్కటీ అలా ఉండదు. మనం ఫోన్ హాట్‌స్పాట్ పెడతాం, రోజుకి ఒకటిన్నర జీబీయో రెండు జీబీయో. నెలనెలా వచ్చే అప్‌డేటే వందల ఎంబీలు, ఏడాదికోసారి వచ్చే పెద్దది కొన్ని జీబీలు. ఐదు సిస్టమ్‌లు ఐదుసార్లు అదే దించుకుంటే మీ డేటా గోవిందా.

ఇక బుధవారం సంగతి. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా అప్‌డేట్లు వదులుతుంది. అమెరికాలో అది మంగళవారం పొద్దున, మనకి ఆ రాత్రి. అంటే మన దగ్గర ఎక్కువ కంప్యూటర్లు వాటిని అందుకునేది బుధవారం, గురువారం. నేను తర్వాత క్యాలెండర్ తిరగేసి చూశాను. మా చెల్లెలు కూర్చున్నది సరిగ్గా ఆ బుధవారమే. కాబట్టి దరఖాస్తులుంటే ఆ రెండు రోజులు దాటించి పెట్టుకోవద్దు, ముందే కానివ్వండి. కుల ధ్రువీకరణ పత్రం ఆలస్యం చేస్తే మనం ఏం చేయగలం అంటారా, అది ఇంకో రోజు మాట్లాడాల్సిన పెద్ద విషయం.

అయితే అప్‌డేట్లు మొత్తం ఆపేస్తే పోలా? యూట్యూబ్‌లో ఇదే చెప్తారు. సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్ డిజేబుల్ చెయ్యండి, రాకెట్‌లాగా పరిగెడుతుంది అని. నేనూ డిగ్రీ చదివేటప్పుడు చేశాను. ఆ మాట ఎందుకు మార్చుకున్నానంటే 2017 మే వల్ల.

2017 మే 12న వానాక్రై అనే దాడి ప్రపంచమంతా పాకింది. ఫైళ్లన్నింటికీ తాళం వేసి, డబ్బు కడితే తీస్తామని స్క్రీన్ మీద రాసేది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లకే తగిలింది. పద్దెనిమిది యూనిట్లలో, కృష్ణా, గుంటూరు, చిత్తూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో అని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాడికి దాదాపు రెండు నెలల ముందు. వేసుకున్న యంత్రాలు బతికాయి. మన సిస్టమ్‌లలో ఏముంటాయి? ఆధార్ కాపీలు, మార్కుల జాబితాలు, కుల పత్రాల స్కాన్లు. ఒకసారి తాళం పడితే మళ్లీ తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలి. కాబట్టి అప్‌డేట్ మానేయడం కాదు, దాన్ని మన టైముకి తెచ్చుకోవాలి.

దీనికి ఒక మినహాయింపు చూశాను. విజయవాడ అచ్చు పనుల ఊరు కదా, డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు పెట్టుకున్న పాత యంత్రాలు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. ఆ యంత్రానికి నెట్ తీగే పెట్టరు, పెళ్లిపత్రికలు చకచకా వస్తుంటాయి. నెట్ లేని దానికి అప్‌డేట్ గొడవ లేదు. కానీ అందులో ఎవరి పెన్‌డ్రైవ్ పడితే వాళ్లది పెడితే మాత్రం అదో రోగాల పుట్ట. ఆ పెన్‌డ్రైవ్ తెచ్చి మన సిస్టమ్‌కి పెట్టేముందు స్కాన్ చేయండి.

సరే, మనం ఏం చేద్దాం? విండోస్ పదిలో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ తెరవండి. పాజ్ అప్‌డేట్స్ ఫర్ సెవెన్ డేస్ అని ఉంటుంది, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ముప్పై ఐదు రోజుల దాకా ఆపుకోవచ్చు. పరీక్షల దరఖాస్తుల వారం అయితే ఇది నొక్కి కూర్చోండి. దాని పక్కనే యాక్టివ్ అవర్స్. మీరు కూర్చునే వేళలు అందులో పెడితే ఆ టైములో తనంతట తాను రీస్టార్ట్ అవ్వదు. హాట్‌స్పాట్ వాడుతుంటే ఆ వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి, పెద్ద అప్‌డేట్లు మీ డేటాతో దిగవు. ఇంకోటి చాలామందికి తెలియదు: డెలివరీ ఆప్టిమైజేషన్. అందులో లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల నుంచి మాత్రమే అని ఎంచుకుంటే, ఒక సిస్టమ్ దించుకున్నది మిగతా నాలుగూ దాని దగ్గర తీసుకుంటాయి. బయటివాళ్లకి మన డేటాతో పంచిపెట్టదు కూడా.

ఇవన్నీ వాయిదా వేసే పనులే. అసలు పని ఏంటంటే, రెండో మంగళవారం దాటాక వచ్చే శనివారం రాత్రి ఐదు సిస్టమ్‌లనీ ఆన్ చేసి, మంచి నెట్ ఇచ్చి, పొద్దున దాకా వదిలేయాలి. నిద్రపోకుండా స్లీప్ ఆపేసి పెట్టండి. పొద్దున రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. విండోస్ పదిలో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, పాత బరువు కొంత అలాగే దాచుకుని లేస్తుంది. రీస్టార్టే శుభ్రంగా దింపి ఎత్తుతుంది. అయ్యాక కూడా గంటో రెండు గంటలో లోపల సర్దుకుంటుంది, అప్పుడే తిట్టొద్దు. మెయిన్ స్విచ్ గురించి వార్డెన్ గారితో నేను మాట్లాడతాను. నెలకి ఒక్క రాత్రే కదా.

సీ డ్రైవ్‌లో ఖాళీ చూడండి. ఒకదాంట్లో పొద్దున మూడు జీబీ ఉంది. అంత ఇరుకులో అప్‌డేట్ బిగుసుకోదు, ఓడిపోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. డిస్క్ క్లీనప్ తెరిచి క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కితే పాత అప్‌డేట్ల చెత్త, పాత విండోస్ కాపీ కనిపిస్తాయి. తీసేయొచ్చు. కానీ పాత విండోస్ కాపీ తీశాక వెనక్కి పోలేరు, పెద్ద అప్‌డేట్ తర్వాత పది రోజుల్లోపు గో బ్యాక్ అవకాశం దాంతోనే ఉంటుంది. జాబితాలో డౌన్‌లోడ్స్ అని ఉంటే దాని మీద టిక్ పెట్టకండి! మీ హాల్ టికెట్లు అక్కడే ఉంటాయి. ఒకమ్మాయి ఏడ్చింది పాపం.

అన్నీ అప్‌డేట్ మీద తోసేయడం కూడా తప్పే. నాలుగో సిస్టమ్ ప్రతిసారీ పాత తేదీ చూపిస్తోంది. అది బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోవడం. తేదీ తప్పితే వెబ్‌సైట్లు నమ్మకం లేదంటాయి, అప్‌డేట్లూ ఫెయిల్ అవుతాయి. చిన్న బిళ్ల మారిస్తే పోయేదానికి ఆర్నెల్లు దాన్ని మూలన పెట్టాం. ఐదోది మధ్యాహ్నం మాత్రమే మొరాయిస్తుంది. విజయవాడ ఎండల సంగతి తెలుసు కదా, ఫ్యాన్ నిండా దుమ్ము, ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. దానికి బ్రష్ చాలు.

ఒక చెల్లి అడిగింది: "అన్నా, కొత్తవి కొనాలని కంపెనీలే కావాలని స్లో చేస్తారంట కదా?" మంచి ప్రశ్న. పుకారు అని కొట్టేయలేం. 2017 డిసెంబర్లో ఆపిల్ ఒప్పుకుంది, బ్యాటరీ పాతబడిన ఐఫోన్లని అప్‌డేట్ ద్వారా నెమ్మది చేశామని. హఠాత్తుగా ఆగిపోకుండా ఉండటానికని వాళ్ల వాదన, కానీ వాడేవాళ్లకి చెప్పలేదు. 2018లో ఇటలీ ఆపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి యాభై లక్షల యూరోలు జరిమానా వేసింది. 2020లో ఫ్రాన్స్ ఆపిల్‌కి రెండున్నర కోట్ల యూరోలు వేసింది. ఇంకోవైపు, 2018 జనవరిలో ప్రాసెసర్లలోనే స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు బయటపడ్డాయి. వాటిని పూడిస్తే పాత ప్రాసెసర్లు నెమ్మదిస్తాయని, విండోస్ ఏడు, ఎనిమిది ఉన్న పాత యంత్రాల్లో చాలామందికి అది తెలుస్తుందని మైక్రోసాఫ్టే చెప్పింది. అక్కడ మోసం లేదు, తాళం బరువైంది. కాబట్టి రెండూ ఉన్నాయి. చెప్పి చేశారా, చెప్పకుండా చేశారా అన్నది నేను అడిగే ప్రశ్న.

విండోస్ పదికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో అయిపోయాయి. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా. పదకొండుకి వెళ్దామంటే టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. మనవి నాలుగు, ఆరు. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు, నలుగురు వాడే సిస్టమ్‌కి నేనైతే చెప్పను.

నా ఆలోచన ఇది. రెండు సిస్టమ్‌లకి హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టి, మెమరీ ఎనిమిది జీబీ చేద్దాం. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, సూది లేదు. మార్చిన రోజు తేడా మీరే చూస్తారు, నేను చెప్పక్కర్లేదు. కొత్త కంప్యూటర్ ధరతో పోలిస్తే చిన్న ఖర్చు, చందాలేసుకుందాం. మిగతా మూడింట్లో లైనక్స్ మింట్, ఎక్స్ఎఫ్‌సీఈ రకం వేద్దాం. రెండు జీబీ మెమరీతో కూడా లేస్తుంది, నాలుగుంటే హాయి. అప్‌డేట్లు వచ్చాయని మూలన చిన్న గుర్తు చూపిస్తుంది, ఎప్పుడు వేసుకోవాలో మనమే చెప్తాం. కేరళలో సర్కారు బడుల్లో పిల్లలు లైనక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన తెలుగులో స్వేచ్ఛ సంస్థవాళ్లు ఎప్పుడో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. ఒక ఇబ్బంది ఉంది, దాచను: వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం డాంగిల్స్ కొన్ని విండోస్‌లోనే పనిచేస్తాయి. అందుకే రెండు విండోస్ ఉంచమంటున్నా.

మా చెల్లెలు ఆ తర్వాత ఇంకో నోటిఫికేషన్‌కి దరఖాస్తు పెట్టింది. ఈసారి నన్ను తీసుకెళ్లలేదు. అదే సెంటర్లో, అదే కంప్యూటర్ ముందు మౌస్ ఆగింది. ఆయన స్విచ్ దగ్గరికి వెళ్తుంటే, "అన్నా ఆగు, డిస్క్ ఎవరు తింటున్నారో చూద్దాం" అందంట. మూడు మీటలు నొక్కింది. వైరస్ స్కాన్ నడుస్తోంది. పావుగంట ఆగింది, ఫారం పంపించి రసీదు తీసుకుని వచ్చింది. ఇప్పుడు ఆ సెంటర్ ఆయనే ఆమెకి ఫోన్ చేసి అడుగుతున్నాడంట, ఆ మీటలు ఏంటమ్మా అని.

ఇక మాటలు చాలు. మూడో సిస్టమ్ మీద బట్టలు ఎవరివి? తీయండి. ఆన్ చేసి, ఒకరు టాస్క్ మేనేజర్ తెరవండి, ఒకరు డిస్క్ గడిలో ఏమొస్తుందో నోట్‌బుక్‌లో రాయండి.